చర్చలో నవ్వుకు చోటెక్కడ?

ప్రశ్న: గవర్నర్‌పేట చదువరి

అందరికీ నమస్కారం. విజయవాడలో మేము నడుపుకొనే ఒక చదువరుల బృందం గురించి మీ సలహా కోరి ఇది రాస్తున్నాను. నెలకొకసారి, రెండో ఆదివారం, గాంధీనగర్ వైపు ఒక గ్రంథాలయం గదిలో కూర్చుంటాము. మిగిలిన రోజుల్లో మా మాటలన్నీ వాట్సాప్ గ్రూపులోనే నడుస్తాయి. మొదట 30 మందిమి ఉండేవాళ్లం, ఇప్పుడు 140 దాటాము. గ్రూపు బాధ్యత నాది. చర్చల్లో జోకులను పూర్తిగా నిషేధించాలని సభ్యుల్లో కొందరు పోయిన వారం నాకు రాసి ఇచ్చారు. నవ్వు లేని గ్రూపులో తాము ఉండలేమని మరికొందరు అంతే గట్టిగా చెప్పారు. రెండు వైపులా నేను గౌరవించేవారు ఉన్నారు కాబట్టి ఏ మాటనూ తేలికగా తోసిపుచ్చలేకపోతున్నాను.

ఈ తగవు వెనుక రెండు సంఘటనలు ఉన్నాయి. మొదటిది 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాటిది. ఆ తెల్లవారుజామున బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లోకి వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. మా సభ్యురాలు ఒకరు అక్కడే ఉండేవారు. ఆ మధ్యాహ్నం ఆమె ఇలా రాశారు: “మేము మేడ మీద ఉన్నాం. కింద గదిలో నీళ్లు స్విచ్‌బోర్డు దాకా వచ్చాయి. అమ్మకు షుగరు మాత్రలు ఒక్క పూటకే ఉన్నాయి. ఫోనులో చార్జింగు 14 శాతం.” దాని కిందనే, నిమిషం తేడాతో, మరో సభ్యుడి సందేశం వచ్చి పడింది: “సింగ్‌నగర్ వారు ఇకపై పడవ షికారు కోసం భవానీ ద్వీపం దాకా రానక్కర్లేదు.” ఆ సందేశానికి 11 నవ్వు ముఖాలు తగిలాయి. ఆమె సందేశం తాను చూడనేలేదనీ, టీవీలో పడవలు చూసి తోచింది రాసి పంపేశాననీ అతను తర్వాత చెప్పాడు, ఆ మాట నేను నమ్ముతున్నాను. ఎందుకంటే మరునాడు పొద్దున్నే పులిహోర పొట్లాలు ట్రాక్టరు మీద వేసుకుని నడుం లోతు నీళ్లలోకి వెళ్లినవారిలో అతనూ ఉన్నాడు. అయినా కరెంటు వచ్చిన తర్వాత ఆమె ఒక్క మాటా అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు.

రెండోది పోయిన నెలలో జరిగింది. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయిని ఒకరు, తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కనే అచ్చువేసిన ఇప్పటి పాఠ్యపుస్తకాలతో ఆరో తరగతి పిల్లలు ఎలా కుస్తీపడుతున్నారో చాలా శ్రమపడి రాశారు. మొదటి వాక్యంలో “విద్యార్థి” అనే మాటకు అనవసరమైన ఒత్తు పడి “విధ్యార్థి” అయింది. “ఆ ఒత్తు బరువు పాపం పిల్లవాడు మోయలేడు” అన్నది మొదటి జవాబు. అక్కడి నుంచి దాదాపు 40 సందేశాలు ఒత్తుల మీదా పొల్లుల మీదా వచ్చాయి. ఆమె చెప్పిన విషయం మీద ఒక్కటీ రాలేదు. ఇక మీదట చదవడానికి మాత్రమే ఉంటానని మర్నాడు ఆమె రాశారు.

అయితే హాస్యం మమ్మల్ని కాపాడిన రోజూ ఒకటుంది, దాన్ని దాచిపెడితే న్యాయం కాదు. రెండేళ్ల కిందట పద్యమా వచన కవితా అన్న వాదంలో ఇద్దరు పెద్దలు ఒకరి చదువునొకరు తక్కువ చేసుకునే దాకా వెళ్లారు. అప్పుడు ఒక కుర్రవాడు, “అయ్యలారా, ఇద్దరి మాటల్లోనూ ప్రాస చక్కగా కుదిరింది, యతి దగ్గర కాస్త ఆగితే మేమూ మాట్లాడతాం” అని రాశాడు. యతి అంటే విరామమని తెలిసిన ఆ పెద్దలిద్దరూ నవ్వి, ఫోన్లు పక్కన పెట్టారు. మరునాడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర టీ తాగారు.

నా సందేహాలు ఇవి. ఈ మూడు చోట్ల వచ్చిన నవ్వు ఒకటేనా? ఒకటి కాకపోతే దేన్ని ఆపాలి, దేన్ని ఉంచాలి, ఆ గీత గీసే అధికారం ఎవరికి ఉండాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు 1: బ్రాడీపేట తెలుగు మాస్టారు

చదువరి గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను గుంటూరులో 31 ఏళ్లు తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. “నవ్వకుమీ సభలోపల” అనే సుమతీ శతక పద్యాన్ని ఎన్ని వందల మంది పిల్లల చేత కంఠస్థం చేయించానో లెక్క లేదు. నిషేధం అడుగుతున్న మీ సభ్యుల మాట వెనుక ఆ పద్యం ఉందని నాకు అనిపిస్తోంది. కానీ మన సంప్రదాయం ఆ ఒక్క పద్యంతో ఆగిపోలేదు. సభలో నవ్వవద్దని చెప్పిన భాషే, సభలో నవ్వించడానికి ఒక మనిషిని పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

అష్టావధానం గురించి చెబుతున్నాను. పద్యాలు చెప్పే అవధాని ఒకరు, ఆయన్ను ప్రశ్నలతో పరీక్షించే పృచ్ఛకులు ఎనిమిది మంది ఉంటారు. నిషిద్ధాక్షరి అడిగేవారు అవధాని నోట ఏ అక్షరం రాబోతోందో ఊహించి దాన్ని ముందే అడ్డుకుంటుంటారు. ఒకరు పూరించమని ఒక పాదం సమస్యగా ఇస్తారు, ఒకరు పద్యంలో ఇమడ్చమని కొన్ని పదాలు, అంటే దత్తపది, ఇస్తారు, ఎక్కడో గంట మోగుతుంటే ఆ దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. చిట్టచివర అన్ని పద్యాలనూ ధారణ చేసి, అంటే గుర్తుంచుకుని, వరసగా అప్పజెప్పాలి. ఇంత బరువు నెత్తిన ఉండగా అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఎప్పుడు పడితే అప్పుడు అడ్డం తగులుతాడు. మా ఊళ్లో నేను విన్న ఒక అవధానంలో, నిషిద్ధాక్షరి రెండో పాదం మధ్యలో ఉండగా, “అవధాని గారూ, గుంటూరులో ఎండ ఎక్కువా, కారం ఎక్కువా?” అని అడిగాడు ఆయన. అవధాని తల తిప్పకుండానే, “ఎండ తలకెక్కుతుంది, కారం కళ్లకెక్కుతుంది, మీ ప్రశ్న మాత్రం నా ధారణకెక్కదు” అన్నారు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆగే లోపలే ఆయన తర్వాతి అక్షరం వేశారు.

ఈ ఏర్పాటును నిదానంగా చూడండి. అక్కడ హాస్యం ఎవరిదో అందరికీ తెలుసు. అది ఎవరి మీద ప్రయోగమో కూడా తెలుసు: సభలో అందరికంటే సమర్థుడైన వ్యక్తి మీద, జవాబు చెప్పడానికి సిద్ధపడి వేదిక ఎక్కిన వ్యక్తి మీద. ముందు వరసలో బెరుగ్గా కూర్చున్న కుర్రవాడి చొక్కా మీద ఏ అప్రస్తుత ప్రసంగీ మాట విసరడు, విసిరితే సభ ఊరుకోదు. పైగా ఆ అంతరాయం రెండు వాక్యాల్లో ముగుస్తుంది, పద్యం తిరిగి నడుస్తుంది. మీ ఉపాధ్యాయిని విషయంలో ఈ మూడూ తప్పాయి. ఆమె అవధాని పీఠం ఎక్కలేదు, తన బడిలో చూసింది చెప్పుకోవడానికి వచ్చింది. మాట పడింది బెరుకుగా ఉన్న మనిషి మీద. నలభై సందేశాల తర్వాత కూడా పద్యం మళ్లీ మొదలు కాలేదు.

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలుగా చెప్పాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, నడిమి రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి. స్మితంలో పలువరస కనబడదు, చెక్కిళ్లు మాత్రం కొద్దిగా విచ్చుకుంటాయి. అతిహసితంలో కళ్ల నీళ్లు వస్తాయి, డొక్కలు పట్టుకోవలసి వస్తుంది. ఇవన్నీ నవ్వు ఎంత గట్టిదో చెప్పే కొలతలే. అపహసితం దగ్గర మాత్రం భరతుడు ఇంకో మాట చేర్చాడు: అస్థానంలో, అంటే చోటు కాని చోట, వచ్చే నవ్వు అది. నవ్వు చిన్నదా పెద్దదా అన్న లెక్కలోకి చోటును కూడా తెచ్చి చేర్చాడు. మీ ప్రశ్న కూడా చోటు గురించే కాబట్టి ఇది చెప్పాను.

మన భాషలో చమత్కారం వేరు, పరాచికం వేరు, ఎగతాళి వేరు, వెటకారం వేరు. యతి దగ్గర ఆగమన్న కుర్రవాడిది చమత్కారం. ఒత్తు బరువు అన్నది ఎగతాళి. ఇన్ని పేర్లు ఉండగా అన్నింటికీ కలిపి “జోకులు” అని ఒకే సంచీ కుట్టి, ఆ సంచీని గుమ్మం బయట పెట్టడం మంచి పని కాదని నా అభిప్రాయం.

తప్పొప్పుల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, “సీత”ను “శీత” అని రాసిన ఏడో తరగతి పిల్లవాడితో “రామాయణంలో చలి పుట్టించావురా” అన్నాను. తరగతి గది పకపకా నవ్వింది. ఆ సంవత్సరమంతా ఆ పిల్లవాడు అరచేత్తో పుస్తకం కప్పుకునే నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. అచ్చుతప్పు కనబడితే ఆ మనిషికి విడిగా ఒక మాట రాస్తే సరిపోతుంది.


జవాబు 2: పటమట ప్రోగ్రామరు

మాస్టారి మాటలతో నాకు భేదం లేదు. అయితే అవధాన సభలో ఉన్నది ఫోనులో లేదన్న సంగతి ఒకటి చేర్చాలి. సభలో కనుబొమ కదలిక కనబడుతుంది, గొంతులో విరుపు వినబడుతుంది, హాలు నవ్వుతోందో నొచ్చుకుంటోందో మాట అన్నవాడికి అదే క్షణంలో తెలిసిపోతుంది. రాతలో ఇవేవీ ఉండవు, మిగిలేది అక్షరాలు మాత్రమే.

ఇది కొత్త సమస్య కాదు, ఇంటర్నెట్టు ఇంటింటికీ రాకముందే వచ్చింది. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ల మీద ఒక చర్చా ఫలకం ఉండేది. 1982లో అక్కడివారు భౌతికశాస్త్రం పొడుపు కథ ఒకటి వేసుకున్నారు: తాడు తెగి పడిపోతున్న లిఫ్టులో పాదరసం చుక్క ఉంటే దానికి ఏమవుతుంది? దాన్ని పట్టుకుని ఒకరు, ఆ ప్రయోగం వల్ల ఫలానా లిఫ్టు పాదరసంతో కలుషితమైందని హెచ్చరికలా రాశారు. అది హాస్యం. కానీ కొందరు నిజంగా నమ్మి కంగారుపడ్డారు. ఇలాంటి అపార్థాలు రాకుండా ఏం చేయాలన్న చర్చలోనే, సెప్టెంబరు 19న, స్కాట్ ఫాల్‌మన్ అనే శాస్త్రవేత్త, జోకు పక్కన రెండు చుక్కలు, ఒక గీత, ఒక మూసిన బ్రాకెట్టు పెట్టమని సూచించాడు. అడ్డంగా చూస్తే నవ్వు ముఖం. జోకు కాని దాని పక్కన ఏడుపు ముఖం పెట్టమని కూడా అదే సందేశంలో రాశాడు. మనం ఈనాడు నొక్కే పసుపుపచ్చ ముఖాలకు పూర్వరూపాల్లో అదొకటి. అంటే ఆ గుర్తు పుట్టిందే చర్చలో నవ్వుకు చోటు చూపించడానికి.

రాసేవారికి తమ ధ్వని ఎదుటివారికి వినబడుతోందనే భ్రమ ఎంత బలమైనదో 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ తదితరులు ప్రయోగం చేసి చూపించారు. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా పంపమన్నారు. తమ ఉద్దేశం సుమారు 78 శాతం సార్లు సరిగ్గా అందుతుందని పంపినవారు అనుకున్నారు. గొంతుతో చెప్పినప్పుడు ఆ అంచనాకు దగ్గరగా 73 శాతం అందింది. ఈమెయిలులో అందింది 56 శాతమే. బొమ్మాబొరుసూ వేసి చెప్పినా సగం సరిపోతాయి కదా. మీ పడవ షికారు సభ్యుడు చెడ్డవాడు కాకపోయినా అతని మాట అలా తగలడంలో నాకు ఆశ్చర్యం లేదు.

ఫోనులో సందేశాలు పడే వరస కూడా ఒక కారణం. అతను టైపు చేస్తుండగా ఆమె సందేశం వచ్చింది, అతనిది దాని కింద పడింది. చూసే 140 మందికీ అది ఆమెకు ఇచ్చిన జవాబులా కనబడింది. కాబట్టి సరదా మాటైనా సరే, ఏ సందేశానికి రాస్తున్నామో దాన్ని పట్టి లాగి, దానికే జవాబుగా రాయడం అలవాటు చేయండి. విపత్తు సమయాల్లో సహాయం కోసం వేరే గ్రూపు తెరిచి, అందులో సహాయం తప్ప వేరే మాట ఉండదని మొదటే రాసిపెట్టండి.

నిషేధం గురించి ఒక ఉదాహరణ. రెడిట్ అనే చర్చల వెబ్‌సైటులో చరిత్ర ప్రశ్నలకు జవాబులిచ్చే ఆస్క్‌హిస్టారియన్స్ అనే పెద్ద చోటు ఉంది. అక్కడ ప్రశ్నకు నేరుగా జోకు జవాబుగా రాస్తే నిర్వాహకులు తీసేస్తారు. నవ్వు అంటే వారికి పడక కాదు, ఎవరో నాలుగు గంటలు కూర్చుని రాసే జవాబు కంటే నాలుగు క్షణాల్లో రాసిన జోకు ముందు చేరుతుంది కాబట్టి, అది చూసి నవ్వేసి జనం వెళ్లిపోతారు కాబట్టి. మీ ఉపాధ్యాయినికి జరిగింది అచ్చంగా ఇదే. ముందు విషయం మీద ఇద్దరు ముగ్గురు రాసే దాకా సరదా ఆగాలన్న ఒక్క నియమం చాలని నా ఉద్దేశం.


జవాబు 3: భవానీపురం కార్యదర్శి

క్లుప్తంగా రాస్తాను. మా అపార్టుమెంటు గ్రూపులో జోకులూ ఫార్వర్డులూ పూర్తిగా ఆపేశాం. ఇప్పుడు మంచినీళ్ల ట్యాంకరు ఎప్పుడు వస్తుందో, లిఫ్టు ఎప్పుడు ఆగుతుందో అందరికీ అందుతోంది, తగవులు తగ్గాయి. అయితే మాది నోటీసుబోర్డు, మీది చర్చ. మా మందు మీకు పనిచేస్తుందని చెప్పే ధైర్యం నాకు లేదు.


జవాబు 4: నాగావళి

అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాకుళం జిల్లా. పెళ్లయి విజయవాడ వచ్చి 19 ఏళ్లయింది, పాయకాపురంలో ఉంటున్నాం. 2024లో మా ఇల్లూ మునిగింది కాబట్టి ఆ మొదటి సంఘటన చదువుతుంటే నాకు చేతులు చల్లబడ్డాయి.

మాస్టారి మాటకు విలువ ఇస్తూనే ఒకటి అడుగుతాను. నవ్వించేవారికి కుర్చీ వేస్తే బాగానే ఉంటుంది, కానీ నవ్వులపాలయ్యే కుర్చీ కూడా ఒకటుంటుంది, అందులోకి ఎప్పుడూ కొందరినే తోస్తారు. నేను కొత్తగా వచ్చినప్పుడు “ఏటి” అన్నానంటే చాలు, ఆఫీసులో భోజనాల బల్ల చుట్టూ నవ్వులు. వంటల గ్రూపులో నేను గొంతుతో చెప్పి పంపిన చేపల పులుసును నలుగురికీ పంపుకున్నారు. పులుసు కోసం అనుకుని సంతోషించాను. నా యాస కోసమని నెల తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఏడేళ్లు నేను ఏ గ్రూపులోనూ గొంతు పెట్టలేదు. ఎవరైనా అడిగితే “జోకు కదండీ, తేలిగ్గా తీసుకోవాలి” అంటారు. తేలిగ్గా తీసుకోవలసిన భారం ఎప్పుడూ మాట పడ్డవారి మీదే ఉండటం న్యాయమా? ఆడవాళ్ల వంట మీద, లావు మీద, నలుపు మీద, తెలుగు మీడియం చదువు మీద, మా ఉత్తరాంధ్ర మాట మీద వచ్చే జోకుల్లో ఒక్కటైనా చర్చను ముందుకు నడిపిందా అని మీ గ్రూపు వెనక్కి జరిపి చూడండి.

ఇంత చెప్పి కూడా నేను నిషేధం కోరను. ఎందుకో చెబుతాను. వరదలో మా మేడ మీద మూడు కుటుంబాలం, ఒక్క గ్యాసు పొయ్యి. రెండో రోజు సాయంత్రం బొంబాయి రవ్వ అయిపోవచ్చింది, పిల్లలు ఏడుస్తున్నారు, కింద మెట్ల మీద నీళ్లు ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాయి. పక్కింటి పెద్దమ్మ గారు పిట్టగోడ పట్టుకుని కిందికి చూసి, “పుష్కరాలకు మనమే ఏటికి పోతాం. ఈ ఏరు మర్యాద తెలిసింది, తానే మెట్లెక్కి వస్తోంది” అన్నారు. ఆమె బీరువా, పట్టుచీరలు, పెళ్లినాటి ఫోటోలు అన్నీ ఆ నీళ్లలోనే ఉన్నాయి. మేమందరం పగలబడి నవ్వాం. నవ్వీ నవ్వీ ఏడ్చాం. ఆ రాత్రి గడిచిందంటే ఆ మాట వల్లే గడిచింది.

ఇప్పుడు పడవ షికారు మాటనూ పెద్దమ్మ గారి మాటనూ పక్కపక్కన పెట్టండి. రెండూ వరద మీద పరాచికాలే, పదాల్లో పెద్ద తేడా లేదు. ఒకటి నీళ్లలో ఉన్న మనిషి అన్నది, ఒకటి పొడి నేల మీద ఉన్న మనిషి అన్నది. నీళ్లలో ఉన్నవారు నవ్వినప్పుడు పక్కన నిలబడి నవ్వవచ్చు. వారికంటే ముందు మనం నవ్వకూడదు.

చదువరి గారూ, ఇంకొక్క మాట. మీరు జోకు రాసిన మనిషి గురించే చెప్పారు, ఆ 11 ముఖాల గురించి చెప్పలేదు. నా పులుసు సంగతిలో మొదట పంపిన మనిషిని నేను ఎప్పుడో మరిచిపోయాను. నవ్విన ప్రతి పేరూ నాకు ఇంకా గుర్తుంది.


జవాబు 5: తెనాలి శ్రోత

నాగావళి గారి జవాబు చదివిన తర్వాత రాయాలా వద్దా అని ఆలోచించాను. అవధానం గురించి మాస్టారు చెప్పారు కాబట్టి బుర్రకథ గురించి నేను చెబుతాను, అది మా గుంటూరు జిల్లా గర్వించే కళ. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు ప్రజానాట్యమండలి రోజుల నుంచి దాన్ని ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో పెద్దలకు గుర్తుంటుంది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

బుర్రకథలో నడుమ తంబురా పట్టుకుని కథకుడు, అటూఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత రాజకీయం చెబుతాడు, ఇంకొక వంత హాస్యం చెబుతాడు. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో చాప మీద కూర్చుని పల్నాటి కథ విన్నాను. కథకుడు మంచి ఊపులో ఉండగా హాస్యం చెప్పే వంత “ఆగన్నా, నాకో అనుమానం” అని అడ్డు తగిలేవాడు. కోడిపందెంలో ఓడిపోతే రాజ్యం ఎందుకు వదలాలి, ఏడేళ్లు అడవుల్లో ఏం తిన్నారు, అని అడిగేవాడు. మేం పిల్లలం నవ్వేవాళ్లం. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, ఆ అనుమానం నాకూ ఉండేది, అడగడానికి సిగ్గు అడ్డువచ్చేది. తెలియనివారందరి తరఫునా తెలియనట్టు నటించి ఆయన అడిగాడు, కథకుడు విడమరిచి చెప్పాడు. హాస్యం కథను ఆపినట్టు కనబడింది కానీ నిజానికి వెనకబడ్డవారిని చేయి పట్టి కథలోకి తీసుకొచ్చింది.

బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరే ఘట్టం వచ్చేసరికి ఆ వంత అనుమానాలు ఆగిపోయేవి. అలాగని వేదిక దిగి వెళ్లలేదు. అక్కడే నిలబడి, గుమ్మెట మీద వేళ్లతో మెల్లగా దరువు వేస్తూ “తందాన తాన” అని మిగతా వారితో గొంతు కలిపాడు. ఎక్కడ ఆగాలో అతనికి తెలిసింది కథ మొత్తం తెలుసు కాబట్టి. మీ గ్రూపులో ఒత్తు మీద మాట విసిరిన సభ్యుడు ఆ వ్యాసం చివరి దాకా చదివాడో లేదో ఒకసారి కనుక్కోండి.


తిరిగి గవర్నర్‌పేట చదువరి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను. ఈలోగా జరిగింది చెప్పడం నా బాధ్యత.

తెనాలి వారు అడగమన్న ప్రశ్న అడిగాను. ఆ సభ్యుడు దాచకుండా, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయానని చెప్పాడు. ఆ రాత్రి వ్యాసమంతా చదివి, ఉపాధ్యాయినికి విడిగా ఫోను చేసి మాట్లాడాడు.

నాగావళి గారు చెప్పిన తర్వాత ఆ పాత సందేశం వెతికి, 11 ముఖాల మీద వేలు నొక్కి పేర్లు చూశాను. నాలుగో పేరు నాది. ఆ మధ్యాహ్నం ఎప్పుడు నొక్కానో నాకు జ్ఞాపకం కూడా లేదు. సింగ్‌నగర్ ఆమెకు ఫోను చేసి ఈ మాటే చెప్పి క్షమించమన్నాను. కాసేపు ఆగి, “మీ పేరు ఉందని నాకు తెలుసండీ” అన్నారు. వాళ్లమ్మగారు కులాసాగా ఉన్నారట. పడవ మాట రాసిన సభ్యుడు ఆమెతో స్వయంగా మాట్లాడతానన్నాడని చెబితే, ఇప్పుడు వద్దన్నారు. నేను బలవంతపెట్టలేదు.

నిషేధం పెట్టలేదు. విషయం మీద కనీసం ముగ్గురు రాసిన తర్వాతే సరదా మాట రావాలని, ఒకరి రాతలో తప్పు కనబడితే వారికి విడిగా చెప్పాలని, ఎవరైనా ఆపదలో ఉన్నామని రాస్తే ఆ మాటకు సహాయం తప్ప వేరే జవాబు ఉండకూడదని ఆదివారం కూర్చుని అనుకున్నాం. మనుషుల పుట్టుక, యాస, ఒళ్లు, చదివిన మీడియం మీద మాటలు నేను అడగకుండానే తీసేస్తాను. ఆ అధికారం నా ఒక్కడి దగ్గర ఉండటం సరికాదని నేనే చెప్పి, ఇంకో ఇద్దరిని, అందులో ఒక స్త్రీని, నిర్వాహకులుగా చేర్చాను. నిషేధం కోరిన వారిలో ఇద్దరు ఇది చాలదన్నారు, వారి అసంతృప్తి అలాగే ఉంది.

ఉపాధ్యాయిని అనుమతితో ఆమె వ్యాసాన్ని మళ్లీ పెట్టాము. మంగళగిరి నుంచి ఒక తండ్రి, రెండు భాషల పుస్తకం వల్లే తాను కూతురికి ఇంట్లో లెక్కలు చెప్పగలుగుతున్నానని రాసి, ఆమెతో గట్టిగా విభేదించారు. మరో ఇద్దరు తమ బడుల సంగతి రాశారు. ఆ తర్వాత ఒక పెద్దాయన ఇలా రాశారు: “మా మనవడికి క.సా.గు. చెప్పబోతే, ఏ పొలంలో చేస్తారు తాతయ్యా ఆ సాగు అన్నాడు.” గ్రూపులో నవ్వు ముఖాలు వచ్చాయి, వాటిలో మొదటిది ఆ ఉపాధ్యాయినిది. దాని కిందనే ఆమె రాశారు: “అయ్యా, నేను రెండు పేజీల్లో చెప్పలేకపోయింది మీ మనవడు ఒక్క ముక్కలో చెప్పాడు. కనిష్ఠ సామాన్య గుణిజం అనే పూర్తి మాట విప్పి చెప్పకుండా మూడు అక్షరాలు నోట్లో పెట్టి పంపిస్తున్నాం. పక్కన ఇంగ్లీషులో ఉన్నవి కూడా మూడు అక్షరాలే. ఏ భాషలోనూ ఆ పిల్లవాడికి అర్థం అందడం లేదు.” అక్కడి నుంచి రాత్రి పదకొండు దాకా లెక్కల పుస్తకంలో పొట్టి మాటల గురించే చర్చ నడిచింది. వచ్చే రెండో ఆదివారానికి ఆమె ఆరో తరగతి పుస్తకం వెంట తెస్తానన్నారు.